సగటు సారు క్లాసులో నవ్వు

క్లాసంటే క్లాసు కాదు, నల్ల గళ్లు. ఒక్కో గడిలో ఒక పేరు, పేరు పక్కన ఎర్రగీత కొట్టిన మైకు బొమ్మ, అంతే. ఆ గళ్లకు ఎదురుగా, వెనక గదిలో ఇస్త్రీ బల్ల మీద లాప్‌టాప్ పెట్టుకుని, దండెం మీది బట్టలు కెమెరాలో పడకుండా వాటికి అడ్డంగా ఒక దుప్పటి వేలాడదీసుకుని, స్టాటిస్టిక్స్ లెక్చరరు రోజూ పొద్దున్నే గొంతు చించుకునేవాడు. గోడకు చెప్పుకున్నా గోడ కనీసం మన గొంతు మనకు తిరిగి ఇస్తుంది. ఈ గళ్లకు ఆ పాటి మర్యాద కూడా లేదు. "అర్థమైందా?" అని అడిగి ఆగేవాడు. ఉలుకూ పలుకూ ఉండేది కాదు. "అయిందనే అనుకుంటున్నాను" అని తనే జవాబు చెప్పుకుని ముందుకు పోయేవాడు.

పిల్లలు ఆయనకు పెట్టిన పేరు సగటు సారు. ఏ పాఠం మొదలుపెట్టినా తిప్పి తిప్పి సగటు దగ్గరికే తెస్తాడు గనక ఆ పేరు వచ్చిందని ఆయన నమ్మకం. మనిషిని చూసినవాళ్లకు వేరే కారణాలు కూడా తట్టేవి. ఎత్తు, లావు, బట్టతల, కోపం, అన్నీ మధ్యరకమే. ఆ పేరు తనకు తెలుసు, తెలిసినట్టు ఎప్పుడూ బయటపడలేదు.

యూనివర్సిటీ డీన్ ఒకరోజు ఫోన్ చేసింది.

"సార్, మీ క్లాసులో చేరినవాళ్లలో సగంమంది పాఠం సగంలోనే జారుకుంటున్నారు. ఆన్‌లైన్లో మరీ అంత సీరియస్‌గా చెబితే ఎవరు వింటారండీ? కాస్త నవ్వించండి. నవ్విస్తే నిలబడతారు."

కూరలో ఉప్పు తగ్గింది, కాస్త వెయ్యండి అన్నంత తేలిగ్గా అనేసింది ఆవిడ. సగటు సారు పుట్టి బుద్ధెరిగాక ఎవరినీ కావాలని నవ్వించిన పాపాన పోలేదు. పెళ్లిలో స్నేహితులు మేలమాడుతుంటే కూడా ఇంటర్వ్యూకి వచ్చినవాడిలా కూర్చున్నాడని ఆయన భార్య ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతుంది.

ఆ భార్యే ఆయనకు పరీక్షాధికారి అయింది. ఆవిడ ఒక పళ్ల డాక్టరు దగ్గర రిసెప్షన్లో పనిచేసేది. డ్యూటీ మధ్యాహ్నం నుంచి. రోజంతా నోళ్లు తెరిచే మనుషులను చూస్తుంది గానీ అందులో నవ్వడానికి తెరిచే నోరు ఒక్కటీ ఉండదు. అందుకని జోకు విలువ ఆవిడకు బాగా తెలుసు. పొద్దున్నే ఆవిడ ఆరిన బట్టలు మడతపెడుతుంటే ఈయన ఎదురుగా నిలబడి ఆ రోజు జోకు అప్పజెప్పేవాడు. బాగుంటే మడతపెడుతున్న చెయ్యి ఆగేది. బాగాలేకపోతే ఆగేది కాదు. మొదట్లో ఆ చెయ్యి ఆగిన రోజు లేదు.

అయినా క్లాసులో చెప్పేవాడు, చెప్పి ఆగేవాడు. పాఠం చెప్పి ఆగితే వచ్చే నిశ్శబ్దం ఒక రకం, జోకు చెప్పి ఆగితే వచ్చే నిశ్శబ్దం ఇంకో రకం. రెండోదానికి మనిషి మొహం మాడిపోతుంది. పైగా ఆ మాడిన మొహం మూల గడిలో తనకే కనబడుతుండేది.

"ఇంక నావల్ల కాదోయ్" అన్నాడు ఒకరోజు భార్యతో. "ఇదొక్కటీ చెప్పి మానేస్తాను. విను. మా ఇంట్లో ఇద్దరం. నేను రోజుకు నాలుగు గంటలు మాట్లాడతాను, మా ఆవిడ అసలు మాట్లాడదు. సగటు తీస్తే ఒక్కొక్కరం రెండేసి గంటలు. ఎంత ముచ్చటైన సంసారం!"

ఆవిడ చేతిలో దిండుగలీబు అలాగే ఉండిపోయింది.

"మొగుళ్లంతా దీన్ని తిరగేసి చెబుతారు. మీరు ఇలాగే చెప్పండి. నిజం కూడాను" అంది.

ఆ రోజు క్లాసులో సంసారం జోకు చెప్పి ఆగాడు. ఒక క్షణం ఏమీ లేదు. తరువాత ఎక్కడి నుంచో ఒక నవ్వు వచ్చింది. మామూలు నవ్వు కాదది. ముందు ఊపిరి లోపలికి లాక్కుంది, గురగురమంది, ఆగింది, మళ్లీ గురగురమని, అప్పుడు అందుకుంది. అందుకున్నాక దాన్ని ఎవరో చేత్తో మూసేసినట్టు టక్కున ఆగిపోయింది. ఎవరో అమ్మాయి. మైకు ఆపడం మరిచిపోయి ఉంటుందనుకున్నాడు సగటు సారు. పక్క గదిలో భార్య కూడా విన్నది. తలుపు సందులోంచి తొంగిచూసి బొటనవేలు ఎత్తి చూపించింది.

ఆ తరువాత రోజూ వచ్చింది ఆ నవ్వు. చిత్రంగా ఆయన చెప్పే పాఠం కూడా మారింది. జోకు ఎక్కడ తగిలిందో తెలిస్తే పాఠం ఎక్కడ అర్థమైందో తెలిసేది. నవ్వు ఆలస్యంగా వస్తే అక్కడ వెనక్కి వెళ్లి ఇంకోసారి చెప్పేవాడు. ఒకే ఒక్క గొంతు, అది కూడా మాట కాదు, అయినా ఎదురుగా మనిషి ఉందన్న ధైర్యం. వీధిలో అందరూ నడిచి వెళ్లేవాళ్లే, ఒక కోటీశ్వరుడు కార్లన్నీ వెంటేసుకుని వచ్చి దిగాడు, ఆ రోజు నుంచి సగటున మా వీధిలో ఇంటికి ఒకటిన్నర కారు, నా ఒకటిన్నర కారు ఇంకా రాలేదు, దారిలో ఉందేమో అని చెప్పినప్పుడైతే ఆ నవ్వు రెండుసార్లు ఆగి మూడోసారి అందుకుంది. భార్య ఆ అమ్మాయికి నవ్వులమ్మాయి అని పేరు పెట్టింది. "ఇవాళ మన నవ్వులమ్మాయి నవ్విందా?" అని అన్నం వడ్డిస్తూ అడిగేది. వాళ్లకు పిల్లలు లేరు. 'మన' అన్న మాట ఆవిడ ఊరికే అనలేదు.

మెల్లగా మిగతా గళ్లు కూడా కదిలాయి. మైకులు తెరవలేదు గానీ చాట్‌లో నవ్వు బొమ్మలు పెట్టడం మొదలుపెట్టారు. ఒకటి, రెండు, తరువాత బారులుబారులు. జారుకునేవాళ్లు తగ్గారు. డీన్ ఫోన్ చేసి మెచ్చుకుంది. సగటు సారు కొండెక్కి కూర్చున్నాడు. ఇక్కడే చెడింది. ఒక్క నవ్వుతో కడుపు నిండిన మనిషికి ఇప్పుడు బొమ్మల లెక్క కావాల్సి వచ్చింది. ఏ జోకుకు ఎన్ని పడ్డాయో చూసుకునేవాడు. భార్యకు ముందుగా వినిపించడం మానేశాడు. "ఇప్పుడు నాకే తెలిసిపోతోందిలే" అన్నాడు.

అవుట్‌లయర్ పాఠం వచ్చింది. అంకెలన్నీ ఒకచోట గుంపుగా ఉంటే, వాటికి దూరంగా ఒంటరిగా నిలబడ్డ అంకెను అలా అంటారు. దానికి ఉదాహరణ పుస్తకంలో ఉంది, చప్పటి ఉదాహరణ. సగటు సారు దాన్ని పక్కన పెట్టి కెమెరా వైపు వంగాడు.

"ఎక్కడికో ఎందుకు, మన క్లాసునే తీసుకుందాం. మీ అందరి దగ్గరా ఏముంది? నిశ్శబ్దం. సున్నా, సున్నా, సున్నా. ఒక్కచోట మాత్రం, పాత మోటారు ఒకటి స్టార్ట్ కాలేక చస్తుంటుంది! గుర్... గుర్... అదీ, అవుట్‌లయర్ అంటే. దాన్ని లెక్కలో ఉంచితే మన క్లాసు సగటు పాడైపోతుంది. అందుకని ఏం చేస్తాం? మర్యాదగా తీసి పక్కన పెడతాం."

చాట్ నిండిపోయింది. అంతవరకు ఏ జోకుకూ అన్ని బొమ్మలు పడలేదు. ఇకిలించే మొహాలు, కన్నీళ్లొచ్చేలా నవ్వే మొహాలు, అరచేతుల చప్పట్లు, పైకి ఎగబాకుతూనే ఉన్నాయి. సగటు సారు మొహం కూడా మూల గడిలో వెలిగిపోయింది.

మధ్యాహ్నం అన్నం దగ్గర ఆ విజయగాథ భార్యకు వినిపించాడు. గుర్ గుర్ మని చేసి మరీ చూపించాడు. ఆవిడ గరిటె గిన్నెలోనే వదిలేసింది.

"ఆ మాట అన్నారా?"

"జోకోయ్. పాఠంలో భాగం. ఇంక జన్మలో ఒక్కడు మరిచిపోడు ఆ పాఠం."

"ఆ అమ్మాయి నవ్విందా?"

సగటు సారు నోట్లో ముద్ద నోట్లోనే ఉంది. గుర్తు చేసుకోబోయాడు. బొమ్మలు గుర్తున్నాయి. నవ్వు గుర్తులేదు.

"నవ్వే ఉంటుంది" అన్నాడు నీళ్లు నములుతూ.

ఆవిడ గిన్నెలు సర్దేసి డ్యూటీకి వెళ్లిపోయింది. వెళ్లొస్తానని కూడా చెప్పలేదు.

మర్నాడు నవ్వు రాలేదు. నెట్ బాగాలేదేమో అనుకున్నాడు. ఆ మర్నాడూ రాలేదు. హాజరు చూస్తే అందరూ ఉన్నారు. ఆ నవ్వు ఎవరిదో తెలిస్తే కదా వెతుక్కోవడానికి! జోకు చెప్పి, బొమ్మలు బిలబిలమని పడుతుంటే, ఆయన చెవి మాత్రం ఖాళీగా ఉండేది. పాఠం ఎక్కడ అర్థమైందో మళ్లీ తెలియడం మానేసింది. భార్య తలుపు సందులోంచి తొంగిచూడడం మానేసింది.

క్షమించమని అడగాలని ఆయనకూ ఉంది. అడగడం చేతకాలేదు. ఈమధ్య అలవాటైన దారిలోనే వెళ్లాడు. "మన మోటారు రిపేరుకు వెళ్లినట్టుంది. ఎవరైనా మెకానిక్కుకు చెప్పండమ్మా, క్లాసంతా ఎదురుచూస్తోంది" అన్నాడు ఒకరోజు. బొమ్మలు పడ్డాయి. మైకులన్నీ ఎర్రగానే ఉన్నాయి. మాట నోరు దాటగానే తను ఏం చేశాడో ఆయనకే తెలిసింది. పుండు మీద మందు రాయబోయి గోకి వచ్చాడు.

అంతలో డీన్ దగ్గర నుంచి ఇంకో ఫోన్.

"సార్, లెక్చరర్లందరికీ ఒక శిక్షణ పెడుతున్నాం. నవ్విస్తూ పాఠం చెప్పడం ఎలాగో మీరే చెప్పాలి. మీ అవుట్‌లయర్ క్లాసు రికార్డింగ్ చూశాను, కడుపు చెక్కలయింది. ఆ ముక్క చూపించండి చాలు."

రికార్డింగ్ ఎలాగూ చూడాలి గనక చూశాడు. తన జోకు దగ్గరికి రాగానే, చూడకూడని దానిలా తన మొహం వదిలేసి గళ్ల వైపు చూశాడు. అప్పుడు కనబడింది. "మన క్లాసునే తీసుకుందాం" అని తను అనగానే, కింది వరసలో ఒక గడిలో ఎర్రగీత పోయి మైకు పచ్చబడింది. జోకు ఇంకా మొదలే కాలేదు. తను "సున్నా, సున్నా" అంటుంటే ఊపిరి లోపలికి లాక్కున్న చప్పుడు వినబడింది, గుర్ మని నవ్వు మొదలైంది కూడా. "పాత మోటారు" అన్నాడు తను. నవ్వు ఆగింది. వెంటనే పోలేదు ఆ పచ్చరంగు. "పక్కన పెడతాం" అన్నదాకా విని, అప్పుడు ఎర్రబడింది.

గబగబా పాత రికార్డింగులన్నీ తీశాడు. కోటీశ్వరుడి కారు, ముచ్చటైన సంసారం, అన్నిటా అదే. క్లాసంతా ఆ గడి ఎర్రగానే ఉంటుంది. సారు జోకు మొదలుపెట్టబోతున్నాడని గొంతును బట్టి పసిగట్టగానే పచ్చబడుతుంది. నవ్వుతుంది. మళ్లీ ఎర్రబడుతుంది. మైకు ఆపడం ఎవరూ మరిచిపోలేదు. నవ్వొచ్చినా రాకపోయినా, ఆ మనిషి అంతమంది ముందు తన మైకు తనే తెరిచి, ఈ ముసలాయన ఒక్కడే మొహం మాడ్చుకుని కూర్చోకుండా చూసుకుంది. సంసారం జోకుకు ముందు చెప్పిన చచ్చు జోకులకూ ఒకటి రెండుసార్లు ఆ గడి పచ్చబడి, నవ్వు రాకనో ధైర్యం చాలకనో ఎర్రబడిపోవడం కనిపించింది. అది చూసి సగటు సారు ఇస్త్రీ బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాడు.

భార్యకు చూపించాడు. ఆవిడ చివరిదాకా చూసింది.

"ఇప్పుడు పేరు తెలిసింది కదా. ఒక్క మాట చెప్పండి ఆ అమ్మాయికి. జోకు లేకుండా చెప్పండి."

"మెసేజ్‌లో ఏం బాగుంటుంది? వైవాలో ఎలాగూ ఎదురుగా కనబడుతుంది. మొహం చూసి చెబుతా."

ఆవిడ ఆయన వైపు అదోలా చూసింది. వాయిదా వేసేవాడికి ఎప్పుడూ ఏదో ఒక మంచి కారణం దొరుకుతుంది, ఆయనకూ దొరికింది. డీన్‌కి ఆ ముక్క వద్దని చెప్పబోయాడు. "అదే కదండీ అసలైన ముక్క" అంది డీన్. అక్కడ కూడా గట్టిగా కాదనలేకపోయాడు. శిక్షణ రోజున లెక్చరర్లంతా విరగబడి నవ్వుతుంటే తను కూడా పెదాలు సాగదీసి కూర్చున్నాడు.

వైవా రోజు వచ్చింది. బయటి కాలేజీ నుంచి ఎగ్జామినరు ఒకాయన, పెద్దమనిషి, వేరే గడిలో కూర్చున్నాడు. ప్రశ్నలన్నీ ఆయనే అడగాలి. పాఠం చెప్పిన లెక్చరరు జవాబులు అందించకూడదు గనక మైకు ఆపుకుని కూర్చోవాలని రూలు. సగటు సారు మైకు ఆపుకుని కూర్చున్నాడు. ఒక్కొక్కరే వచ్చి కెమెరా తెరిచి, జవాబులు చెప్పి వెళ్తున్నారు. అంతలో ఆ పేరు వచ్చింది.

కెమెరా తెరుచుకుంది. అమ్మాయి అనుకున్నాడు గానీ, ముప్ఫై దాటిన మనిషి. చెప్పుల షాపు గోదాములో కూర్చుని ఉంది. వెనక నేల నుంచి పైకప్పు దాకా అట్టపెట్టెలు. మెడలో షాపు వాళ్లిచ్చిన బిళ్ల. ఎవరో చెయ్యి చాపి ఆమె తల పక్క నుంచి ఒక పెట్టె లాక్కుని వెళ్లారు, ఆమె తల కాస్త పక్కకు జరిపింది, అలవాటైన పనిలా. నవ్వు ఎందుకు అలా టక్కున ఆగిపోయేదో సగటు సారుకు అప్పుడు తెలిసింది. తలుపు అవతల షాపు నడుస్తోంది.

"అవుట్‌లయర్ అంటే ఏమిటమ్మా?" అడిగాడు ఎగ్జామినరు.

సగటు సారు కళ్లు మూసుకున్నాడు. ఇన్ని పాఠాలుండగా!

"మిగతా విలువలన్నిటికీ దూరంగా, ఒంటరిగా ఉండే విలువండి."

"ఒక ఉదాహరణ చెప్పు."

"క్లాసులో చెప్పిందే చెప్పమంటారా అండి?"

"చెప్పమ్మా, ఏదైనా పర్లేదు."

"క్లాసులో అందరూ నిశ్శబ్దంగా ఉంటారండి. ఒక్కరు మాత్రం పాత మోటారు స్టార్ట్ అవుతున్నట్టు నవ్వుతారు. ఆ నవ్వు అవుట్‌లయరండి."

పాఠం అప్పజెప్పినట్టే చెప్పింది. గొంతులో కోపం లేదు, కన్నీళ్లు లేవు. ఎగ్జామినరు పకపకా నవ్వాడు. ఆయన నవ్వుతుంటే ఆమె కూడా నవ్వబోయింది కాబోలు, చెయ్యి నోటికి అడ్డం వెళ్లింది, చప్పుడు మాత్రం రాలేదు.

"భలే ఉదాహరణ! మరి దాన్ని ఏం చెయ్యాలి?"

"తీసి పక్కన పెట్టాలని చెప్పారండి."

"ఎప్పుడూ తీసెయ్యడమేనా?"

"కాదండి. తీసేముందు అది అలా ఎందుకుందో కనుక్కోవాలండి. ఒక్కోసారి అసలు సంగతి చెప్పేది అదొక్కటేనంట. అది పుస్తకంలో చదువుకున్నానండి. క్లాసులో చెప్పలేదు."

"శభాష్! మీ సారు జోకులు బాగానే గుర్తుపెట్టుకున్నావే."

"అన్నీ గుర్తున్నాయండి" అంది ఆమె.

ఇంకో రెండు ప్రశ్నలయ్యాక ఎగ్జామినరు వెళ్లి రమ్మన్నాడు. ఆమె చేతులు జోడించి ఇద్దరికీ నమస్కారం చెప్పింది. ఇక ఆగితే లాభం లేదని సగటు సారు కెమెరాకు దగ్గరగా జరిగాడు. జోకు లేదు, ఉదాహరణ లేదు. "తప్పయిపోయిందమ్మా. నువ్వు నవ్వబట్టే నేను పాఠం చెప్పగలిగాను. అందరిలో నిన్నే పట్టుకుని అంత మాటన్నాను. నన్ను క్షమించు" అన్నాడు. ఒక్క మాటా తడబడలేదు, జీవితంలో అంత సూటిగా ఎప్పుడూ మాట్లాడలేదేమో. చెబుతుంటే కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

ఆమె ఒక క్షణం చూసింది. సారు ఇంట్లోవాళ్లతో ఏదో మాట్లాడుకుంటున్నారు కాబోలని, మర్యాదగా తల వంచి ఊపింది. గోదాములో ఎవరో పిలిచారు. "వస్తున్నా" అని అటు తిరిగి అంది. ముందు మైకు ఎర్రబడింది, తరువాత బొమ్మ పోయింది.

"సార్, సార్" అంటున్నాడు ఎగ్జామినరు. "మీ మైకు ఆపేసి ఉందండీ. ఇందాకటి నుంచి మీరేం మాట్లాడుతున్నారో ఒక్క ముక్క వినబడట్లేదు. ఇన్నాళ్లయినా మనకింకా ఇది అలవాటు కాలేదు చూశారా!"

అని ఆయన మనసారా నవ్వాడు.

వైవాలు అయ్యేసరికి మధ్యాహ్నమైంది. భార్య డ్యూటీకి తయారై, చెప్పులు కూడా వేసుకుని, గది గుమ్మంలోనే నిలబడి ఉంది.

"వచ్చిందా?"

"వచ్చింది."

"చెప్పారా?"

"చెప్పాను."

ఆవిడ మొహం విప్పారింది. ఎన్నాళ్లకో మళ్లీ ఆయన వైపు మామూలుగా చూసింది.

"ఏమంది మన నవ్వులమ్మాయి?"

సగటు సారు లేచి, దండేనికి అడ్డంగా కట్టిన దుప్పటి విప్పి, దాన్ని మడతపెట్టడం మొదలుపెట్టాడు.